గూడున్న బండకు సెలవు

*వానలు వెనక్కి తగ్గాయి. తాళ్లు, హెల్మెట్లు సంచుల్లోంచి బయటికొచ్చే కాలం ఇది. కొండచరియల మీద గుడ్లు పెట్టే రాబందులకూ, గుడ్లగూబలకూ కూడా ఇదే కాలం. ఇద్దరికీ కావలసింది ఒకే బండ. మరి ఎవరు తప్పుకోవాలి? ఎన్నాళ్లు?*

కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయలో ఎల్ కాపిటన్ అనే గ్రానైట్ గోడ ఉంది. మొదలు నుంచి అంచు దాకా దాదాపు 900 మీటర్ల ఎత్తు. దాని మీది నుంచి తాడు పట్టుకుని ఒక మనిషి కిందికి దిగుతున్నాడు. దిగే చోట సన్నటి రాతి అరుగు. అక్కడ పుల్లలతో అల్లిన గూడేమీ లేదు. మట్టీ కంకరా కలిసిన చోట కాలితో గీసిన చిన్న గుంట, అందులో ఎర్రమట్టి రంగు మచ్చలున్న గుడ్లు. తల్లి బైరి డేగ కీచుగా అరుస్తూ అతని హెల్మెట్ మీదికి మళ్లీ మళ్లీ దూకుతోంది. అతను తల వంచుకుని గుడ్లను ఒక్కొక్కటిగా తీసి మెత్తలు పరిచిన వెచ్చటి పెట్టెలో పెట్టాడు. అచ్చం అలాగే రంగు వేసిన ఉత్తుత్తి గుడ్లను గుంటలో సర్ది పైకి వెళ్లిపోయాడు. కాసేపటికి తల్లి వచ్చి వాటి మీదే పొదగడానికి కూర్చుంది. అసలు గుడ్లు శాంటాక్రూజ్‌లోని కేంద్రానికి చేరి, ఇంక్యుబేటర్‌లో పిల్లలయ్యాయి. ఆ పిల్లల్ని మళ్లీ అదే గోడ మీది అరుగుకు చేర్చారు. బొమ్మ గుడ్ల స్థానంలో ఆకలితో నోళ్లు తెరిచిన పిల్లలు కనిపిస్తే, తల్లి ఏ అనుమానమూ లేకుండా వాటికి తిండి పెట్టింది.

1970ల చివరి నుంచి కొన్నేళ్లపాటు అక్కడ జరిగిన పని ఇది. దీన్ని చేయగలిగినవాళ్లు బండలెక్కడం వచ్చినవాళ్లే. అసలు ఆ గూడును కనిపెట్టిందీ వాళ్లే. మూడున్నర దశాబ్దాలుగా యోసెమిటీలో బైరి డేగ గూడు జాడే లేని స్థితిలో, 1978లో ఎల్ కాపిటన్ ఎక్కుతున్నవారి కంట ఒక జంట పడింది. ఈ రోజు అదే పార్కులో, గూళ్లున్న చరియల దరిదాపులకు మార్చి నుంచి జులై మధ్య దాకా క్లైంబర్లను రానివ్వరు. పక్షిని కాపాడినవారినే పక్షికి దూరంగా ఉండమంటున్నారు. ఇందులో కృతఘ్నత ఏమీ లేదు. బండకు ఎప్పుడు సెలవివ్వాలో, ఎప్పుడు తిరిగి తెరవాలో తేల్చే పద్ధతి అది. మన దగ్గర ఇలాంటి వివాదం వచ్చినప్పుడల్లా కొండ మొత్తానికి బోర్డు పెట్టి చేతులు దులుపుకోవడమో, అసలేమీ పట్టించుకోకపోవడమో జరుగుతోంది. ఆ రెండింటికంటే మంచి దారి యోసెమిటీలో కనిపిస్తుంది. అయితే దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి మన కొండలకు తగిలిస్తే కుదరదు.

తల్లి బరువుకే పగిలిన గుడ్లు

గుడ్లను ఎత్తుకెళ్లాల్సిన అవసరం ఎందుకొచ్చిందో తెలియాలంటే డీడీటీ కథ గుర్తుచేసుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పొలాల మీద చల్లిన ఆ మందు పురుగుల్లోంచి చిన్న పిట్టల్లోకి, వాటిని తిన్న డేగల్లోకి చేరి పేరుకుంది. డేగలు చావలేదు. వాటి ఒంట్లో కాల్షియం గుడ్డు పెంకుకు సరిగా చేరలేదు. పెంకు పల్చబడి, పొదగడానికి కూర్చున్న తల్లి బరువుకే గుడ్డు చితికిపోయేది. బ్రిటన్‌లో డెరెక్ రాట్‌క్లిఫ్ అనే శాస్త్రవేత్త మ్యూజియంలలోని పాత గుడ్ల పెంకులను కొత్తవాటితో పోల్చి, 1967లో ఈ సంగతిని లోకం ముందు పెట్టాడు. అప్పటికే అమెరికాలో మిసిసిపీ నదికి తూర్పున ఒక్క జంట కూడా గూడు పెట్టడం లేదు. 1972లో అమెరికా డీడీటీని నిషేధించింది. 1975లో అక్కడ లెక్కకు తేలిన జంటలు 324. పెంపుడు కేంద్రాల్లో వేల పిల్లల్ని పెంచి వదిలారు. 1999 ఆగస్టులో ఆ డేగను ప్రమాదంలో ఉన్న జాతుల జాబితా నుంచి తీసేసే నాటికి అమెరికా, కెనడాల్లో కనీసం 1,650 జంటలున్నాయి.

అంటే డేగను దెబ్బతీసింది విషం, నిలబెట్టింది నిషేధం. తాడు పట్టుకున్న మనిషి ఈ కథలో ప్రతినాయకుడు కాడు. ఈ మాట ముందే ఒప్పుకోవాలి, ఎందుకంటే క్లైంబర్లు లేవనెత్తే బలమైన అభ్యంతరం దీని మీదే నిలబడింది. దాని సంగతి తర్వాత చూద్దాం. ముందు, ఒక్క మనిషి గోడ మీద వేలాడితే గూటికి ఏమవుతుందో చూడాలి.

ఒక పూట చాలు

చరియ మీద గూడు పెట్టే పక్షి ఎంచుకునేది ఎత్తును కాదు, అందకపోవడాన్ని. నక్క రాలేని, పాము పాకలేని చోటు కాబట్టే అక్కడ గుడ్డు పెడుతుంది. మనిషి తాడుతో ఆ చోటికి చేరగానే పక్షి పెట్టుకున్న లెక్కంతా తప్పుతుంది. తల్లి గూడు వదిలి లేస్తుంది. వదిలిన గుడ్డు చలి పొద్దుల్లో చల్లబడిపోతుంది, ఎండ పడే గోడ మీదైతే ఉడికిపోతుంది. తల్లీతండ్రీ మనిషి చుట్టూ తిరుగుతూ అరుస్తున్నంతసేపూ వేట ఆగుతుంది, పిల్లలు పస్తుంటాయి. అన్నిటికంటే ప్రమాదం చివర్లో ఉంది. రెక్కలు దాదాపు వచ్చి ఇంకా ఎగరడం రాని పిల్ల, బెదిరి అరుగు మీంచి దూకేస్తుంది. కింద పడితే దాని కథ అక్కడితో సరి. క్లైంబర్ ఇదేదీ కావాలని చేయడు. పెద్ద గోడ మీద ఒక కష్టమైన మలుపు దగ్గర గంటల తరబడి ఆగిపోవచ్చు. పైన పదడుగుల దూరంలో గూడుందని అతనికి తెలియకపోవచ్చు కూడా.

అందుకే యోసెమిటీలో ఏటా మార్చి 1 నుంచి జులై 15 వరకు కొన్ని రూట్లు మూస్తారు. మూసేవి ఎన్ని? పార్కులోని క్లైంబింగ్ రూట్లలో సుమారు 5 శాతం. ఈ చిన్న అంకె వెనక పెద్ద శ్రమ ఉంది. జీవశాస్త్రవేత్తలు బైనాక్యులర్లతో, టెలిస్కోపులతో గోడల్ని గంటలకొద్దీ గమనిస్తారు. జంట ఏ అరుగు మీద కూర్చుందో తేలితే ఆ పక్కనున్న రూట్లే మూసి మిగతావి వదిలేస్తారు. ఈసారి గూడు పెట్టలేదని తేలినా, పిల్లలు ముందే ఎగిరిపోయినా గడువుదాకా ఆగకుండా తెరుస్తారు. అలా ముందుగా తెరవడమే ఈ పద్ధతికి ప్రాణం అనిపిస్తుంది. సంవత్సరమంతా పైసా పైసా కూడబెట్టుకుని, సెలవు పెట్టుకుని వచ్చినవాడికి తనకు కావలసిన రూట్ మూసి ఉంటే మంట పుడుతుంది. అది సహజం. కానీ పనిలేని రోజున మూయరనీ, పని అయ్యాక ఒక్క రోజు కూడా ఆపరనీ తెలిసినవాడు ఆ మూతను నమ్ముతాడు.

బ్రిటన్‌లో ఇదే పని మరోలా జరుగుతుంది. అక్కడ 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం గూటి దగ్గరున్న బైరి డేగను కావాలని గానీ, నిర్లక్ష్యంతో గానీ కదిలించడం నేరం. అయినా ఏ చరియ ఎప్పుడు మూయాలో పోలీసులు తేల్చరు. బ్రిటిష్ మౌంటెనీరింగ్ కౌన్సిల్ అనే క్లైంబర్ల సంస్థే పక్షి సంరక్షకులతో కూర్చుని తేదీలు ఖరారు చేస్తుంది, తన సభ్యులకు తానే ప్రకటిస్తుంది. కాలిఫోర్నియాలోనే పినకిల్స్ పార్కులో జనవరి నుంచి జులై దాకా ఉండేది నిషేధం కూడా కాదు, కేవలం సూచన. ఫలానా రాళ్ల జోలికి ఈ నెలల్లో వెళ్లకండని చెబుతారు, అంతే.

బాక్స్: ఏ పక్షికి ఎన్నాళ్లు?
*బైరి డేగ:* సాధారణంగా 3 నుంచి 4 గుడ్లు. పొదుగు దాదాపు 33 రోజులు. పిల్లలు ఆరు వారాల వయసులో ఎగురుతాయి. వేట మీదికి దూకేటప్పుడు వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది.
*పొడుగు ముక్కు రాబందు:* ఏడాదికి ఒకే గుడ్డు. పొదుగు దాదాపు 50 రోజులు. పిల్ల ఎగరడానికి ఇంకో మూడు నెలలకు పైగా. ఆ పిల్ల పెద్దదై తాను గూడు పెట్టడానికి సుమారు ఐదేళ్లు.
*కొండ గుడ్లగూబ:* గూడు కట్టదు. రాతి అరుగుల మీద, గుండ్ల చాటున నేల మీదే గుడ్లు పెడుతుంది. మన దగ్గర ప్రధానంగా చలికాలం నుంచి వేసవి మొదలు దాకా.

న్యూయార్క్ మేడల మీద బతకడం లేదా?

ఇది తరచూ వినిపించే వాదన. బైరి డేగలు ఇవాళ న్యూయార్క్ వంతెనల మీద, ఆకాశహర్మ్యాల మీద హాయిగా పిల్లల్ని పెంచుతున్నాయి. కింద లక్షల బళ్లు, హారన్లు, సైరన్లు. ఇంత గోలను ఓర్చుకున్న పక్షికి అడవిలో ఇద్దరు మనుషులూ ఒక తాడూ బరువయ్యాయా? వినడానికి బాగానే ఉంది. కానీ పక్షిని బెదరగొట్టేది చప్పుడు కాదు, మనిషి ఉన్న చోటు. వీధిలో రోజంతా వెయ్యిమంది నడిచిపోయినా మనం తలెత్తి చూడం. ఒక్కడు గోడ దూకి పెరట్లోకొస్తే లేచి నిలబడతాం. వంతెన కింద కారు రోజూ అదే దారిలో పోతుంది, ఎన్నడూ పైకి రాదు. క్లైంబర్ గూటి ఎత్తుకే వస్తాడు, ఒక్కోసారి గూటికి పైకీ చేరతాడు. గూటికి పైన కనిపించిన మనిషిని చూసి ఈ పక్షులు మరింత కలవరపడతాయని గమనించినవారు చెబుతారు. పైగా నగరాల్లోనూ గూడున్న మేడ అంచుకు ఆ నెలల్లో అద్దాలు తుడిచేవాళ్లను పంపకుండా చూసుకుంటారు. కాబట్టి ఆ ఉదాహరణ మూతకు వ్యతిరేకంగా కాదు, అనుకూలంగానే నిలుస్తుంది.

గబ్బర్ కొండ నేర్పిన పాఠం

ఇక మన వైపు వద్దాం. బెంగళూరు నుంచి మైసూరు వెళ్లే దారిలో, సుమారు 50 కిలోమీటర్ల దూరంలో రామనగర. 1975లో వచ్చిన ‘షోలే’లో గబ్బర్ సింగ్ మకాం వేసిన బండలు అక్కడివే. నిటారు గ్రానైట్ గోడలు కాబట్టి బెంగళూరు క్లైంబర్లకు దశాబ్దాలుగా అవి పుట్టిల్లు. అదే రామదేవర బెట్ట అరుగుల మీద పొడుగు ముక్కు రాబందులూ గూళ్లు పెట్టేవి. 2012లో కర్ణాటక ప్రభుత్వం దాదాపు 346 హెక్టార్లను రాబందుల అభయారణ్యంగా ప్రకటించింది. దేశంలో రాబందుల కోసమే ఏర్పడిన తొలి అభయారణ్యంగా దానికి పేరు. ఆ కొండ మీద తాళ్ల ఆట ఆగింది, క్లైంబర్లు చుట్టుపక్కల కొండలకు మళ్లారు.

మరి రాబందులు పెరిగాయా? లేదు. పొడుగు ముక్కు రాబందులు అక్కడ వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి. దీన్ని చూపించి మూత దండగ అనేవారున్నారు. మూత లేకపోతే ఆ కొన్నీ మిగిలేవి కావనేవారూ ఉన్నారు. రెండు వైపులా సగం నిజమే ఉందని నా అభిప్రాయం. గూటికి నిశ్శబ్దం ఇవ్వగలం గానీ, నిశ్శబ్దంతో కడుపు నిండదు. రాబందుకు కళేబరం కావాలి. చచ్చిన పశువును ఊరి బయట వదిలే అలవాటు తగ్గి పూడ్చేస్తున్నారు. దొరికిన కళేబరంలోనూ విషం ఉండొచ్చు. పశువులకు నొప్పి మందుగా వాడిన డైక్లోఫెనాక్ రాబందుల మూత్రపిండాలను నాశనం చేస్తుందని 2004లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. 1990ల మొదటి నుంచి 2007 లోపు దేశంలో తెల్లవీపు రాబందులు 99.9 శాతం, పొడుగు ముక్కు రాబందులు దాదాపు 97 శాతం తగ్గిపోయాయి. 2006లో పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని ప్రభుత్వం ఆపింది. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను ఆపడానికి 2023 దాకా పట్టింది. ఇన్నేళ్ల ఆలస్యానికి బాధ్యులెవరూ తాడు పట్టుకున్నవాళ్లు కారు.

చంపింది మందు, శిక్ష మాకా?

ఇదే ఇందాక వాయిదా వేసిన అభ్యంతరం. మందుల కంపెనీల మీద ఏళ్లు గడిచినా చర్య లేదు, కొండల్నే కోసుకుపోయే గ్రానైట్ క్వారీలకు అనుమతులు వస్తాయి, చివరికి చలికాలం ఆదివారాల్లో బండెక్కే పాతికమంది కుర్రాళ్ల మీద మాత్రం బోర్డు పెడతారా అని వాళ్లు అడిగితే సమాధానం చెప్పడం కష్టం. క్వారీ పేలుడుకు గూడే కాదు, గూడున్న కొండే మాయమవుతుంది. దానితో పోలిస్తే తాడు చేసే హాని ఎంత?

కానీ ఈ తర్కంలో ఒక లోపం ఉంది. విషం ఎంత ఎక్కువ పక్షుల్ని తినేస్తే, మిగిలిన ఒక్కో గూటి విలువ అంత పెరుగుతుంది. వంద జంటలున్న కొండ మీద ఒక గూడు చెడితే నూటికి ఒకటి పోయినట్టు. ఐదు జంటలే ఉన్న కొండ మీద ఒక గూడు చెడితే ఆ ఏటి సంతానంలో ఐదో వంతు పోయినట్టు. బైరి డేగకు మూడు నాలుగు గుడ్లుంటాయి, తొలి గుడ్లు పోతే కొన్నిసార్లు మళ్లీ పెడుతుంది. రాబందుకు ఆ వెసులుబాటు దాదాపు లేదు. ఒక పూట అలజడికి ఒక ఏడాది ఖర్చయిపోతుంది. హాని ఎవరు మొదలుపెట్టారన్నది ఒక ప్రశ్న. ఇప్పుడు ఎవరి చేతిలో ఏది ఆపగలిగే వీలుందన్నది వేరే ప్రశ్న. కొత్త మందును నిషేధించడానికి ఏళ్లు పడుతుంది. ఒక రూట్‌ను వదిలి పక్క బండకు మళ్లడానికి ఒక్క ఉదయం చాలు.

ఇక క్వారీల విషయంలో క్లైంబరూ పక్షీ ఒకే పక్షం. కొండ నిలిస్తేనే ఇద్దరికీ చోటు. హైదరాబాద్ గుండ్లను కాపాడాలని 1996లో మొదలైన సొసైటీ టు సేవ్ రాక్స్ అడుగుతున్నదీ ఆ బండలు బండలుగానే మిగలాలని. క్లైంబర్లను కొండ నుంచి పూర్తిగా తరిమేస్తే, డ్రిల్లింగ్ యంత్రం వచ్చిన రోజున చూసి చెప్పేవాడు ఒకడు తగ్గుతాడు. అందుకే శాశ్వత నిషేధం గోటితో పోయేదానికి గొడ్డలి అని నా వాదన. రామదేవర బెట్ట లాంటి చోట, నాలుగైదు పక్షులే మిగిలిన స్థితిలో, మొత్తం మూయడమే న్యాయం. దాన్ని నమూనాగా తీసుకుని ప్రతి కొండకూ అదే బోర్డు తగిలిస్తే మాత్రం అన్యాయం.

బాక్స్: మన చట్టంలో ఇది ‘వేట’
1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ‘వేట’కు ఇచ్చిన నిర్వచనంలో తుపాకీ, ఉచ్చు మాత్రమే లేవు. అడవి పక్షుల గుడ్లను పాడుచేయడం, గుడ్లను గానీ గూళ్లను గానీ కదిలించడం కూడా అందులోకే వస్తుంది. పొడుగు ముక్కు రాబందు, బైరి డేగ రెండూ ఈ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి.

దక్కన్ లెక్క వేరు

మన దగ్గర ఈ ఆట ఇప్పుడిప్పుడే ఊపందుకుంటోంది. 2014లో మలావత్ పూర్ణ పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కినప్పుడు, ఆ అమ్మాయి తొలి పాఠాలు నేర్చిన భువనగిరి కోట బండ పేరు రాష్ట్రమంతా మోగింది. టోక్యోతో ఒలింపిక్స్‌లోకి కూడా క్లైంబింగ్ వచ్చేసింది. సాహస పర్యాటకం మాట ఎత్తని జిల్లా లేదు. ఇన్ని ప్రణాళికల్లో ఏ బండ మీద ఏ పక్షి గూడుందో చూసుకుందామన్న ఆలోచన ఎక్కడుందో వెతుక్కోవాలి.

ఇక్కడే యోసెమిటీ పద్ధతి మనకు సూటిగా అతకదు. అక్కడ మార్చిలో మూసి జులైలో తెరిచినా ఎండాకాలం చివర, ఆకురాలు కాలం క్లైంబర్లకు మిగులుతాయి. మన దక్కన్ బండల మీద మార్చి వస్తే చెయ్యి పెట్టలేం. వానల్లో జారుడు. మిగిలింది అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. పొడుగు ముక్కు రాబందు గూడు పట్టేది నవంబరు ప్రాంతంలో, పిల్ల ఎగిరేది వేసవికి. కొండ గుడ్లగూబ కాలమూ దాదాపు అదే. అంటే ఇక్కడ ఒక కొండను ‘సీజన్ వరకు’ మూయడమంటే ఏడాదికీ మూసినట్టే. కాబట్టి కొండకు కాదు, గోడకు సెలవివ్వాలి. ఇంకా సూక్ష్మంగా చెప్పాలంటే అరుగు చుట్టూ ఉన్న నాలుగైదు రూట్లకు. అంత సూక్ష్మంగా మూయాలంటే అంత దగ్గరగా చూసేవాళ్లు కావాలి.

చూడటం అసాధ్యమేమీ కాదు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్లు పెట్టినట్టు 2013లో తెలిసినప్పటి నుంచి తెలంగాణ అటవీ శాఖ అక్కడ నిఘా పెట్టింది, పశు కళేబరాలను ఆహారంగా సమకూర్చే ఏర్పాటు చేసింది. పాలరాపు గుట్టకు క్లైంబర్లు ఎప్పుడూ వెళ్లకూడదు, అందులో బేరం లేదు. కానీ అక్కడ వాడిన బైనాక్యులర్‌నే నగరం దగ్గరి బండల వైపు తిప్పవచ్చు. అక్కడ రాబందు ఉండకపోవచ్చు. పొలంలో ఎలుకల్ని తిని రైతుకు మేలు చేసే, అయినా అపశకునమని మనం రాళ్లేసే కొండ గుడ్లగూబ ఉండొచ్చు. దాని కోసం ఏ ప్రభుత్వమూ అభయారణ్యం ప్రకటించదు. గుండు చాటున నేల మీదే గుడ్లు పెడుతుంది కాబట్టి, క్లైంబర్ల సామాన్ల సంచులు పడేసేది సరిగ్గా దాని ముంగిట్లోనే.

గూడు చోటు చెప్పాలా, దాచాలా?

పక్షి ప్రేమికుల వైపు నుంచి ఒక అభ్యంతరం ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోలేం. రూట్ మూశామని ప్రకటిస్తే గూడెక్కడుందో చాటినట్టే కదా? బ్రిటన్‌లో గుడ్లు దొంగిలించి దాచుకునేవాళ్లూ, వేట డేగల వ్యాపారం కోసం పిల్లల్ని ఎత్తుకెళ్లేవాళ్లూ ఉన్నారు. మన దగ్గర వాళ్లకంటే మెరుగైన ఉద్దేశంతోనే వచ్చి ఎక్కువ చెరుపు చేసేవాళ్లు ఫోటోగ్రాఫర్లు. గుడ్లగూబ పిల్లల ఫోటో ఒక్కటి వాట్సాప్‌లోకి వెళ్తే, వచ్చే ఆదివారానికి ఆ గుండు చుట్టూ కెమెరాలే. దీనికి ఉపాయం ఉంది. మూసే మేర గూటికంటే పెద్దదిగా ఉండాలి. గోడలో ఈ మూల నుంచి ఆ మూల దాకా అని చెప్పాలి తప్ప ఏ అరుగో చెప్పకూడదు. పక్షి పేరు కూడా రాయనక్కర్లేదు. తేదీలు రాస్తే చాలు.

ఇదంతా అటవీ శాఖే చేయాలంటే సాగదు. భువనగిరి లాంటివి కోట కొండలు, పురావస్తు శాఖ పరిధిలోవి. చాలా బండలు రెవెన్యూ భూములు, కొన్ని పట్టా భూములు. అన్ని కార్యాలయాల గడపలూ తొక్కే ఓపిక ఉన్నది ఆ బండ కావలసినవాళ్లకే. క్లైంబింగ్ శిక్షణ ఇచ్చేవాళ్లు ఏటా అక్టోబరులో, తొలి బ్యాచ్ తాడు కట్టకముందే, పక్షులు తెలిసిన ఒకరిద్దరితో కలిసి నాలుగు పొద్దులు తమ బండల ముందు కూర్చోవాలి. గోడ మీద తెల్లటి రెట్ట చారలు, కింద ఎముకలతో ఉన్న గుడ్లగూబ కక్కు ఉండలు, ఒకే అరుగుకు మళ్లీ మళ్లీ వచ్చే పక్షి, ఇవి పట్టుకోవడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. చూసింది చూసినట్టు రాసి, ఏ రూట్లు ఎప్పటిదాకా మూసి ఉంటాయో శిక్షణ కేంద్రం గోడ మీదా, ఫోన్ గ్రూపుల్లోనూ పెట్టాలి. డిసెంబరులో మళ్లీ చూడాలి, గూడు లేదని తేలితే ఆ రోజే తెరవాలి. తొలి ఏడాది జాబితాలో ఒక్క రూటూ లేకపోయే అవకాశం కూడా ఉంది. అయినా ఆ ఖాళీ జాబితాను ప్రకటించాలి. వెతికి చూసి ఏమీ లేదన్నవాళ్లు, వచ్చే ఏడు ఫలానా గోడ వదిలేయండని చెప్పినప్పుడు, ఆ మాటను క్లైంబర్లు కాదనలేరు.